వదిలేస్తున్న వేడిని వాడుకుందాం: క్యాంపస్‌లో ఏసీల, వేడినీళ్ల కార్బన్ తగ్గించడం ఎలా

డిసెంబరులో పొద్దున్నే ఆరింటికి ఏ పెద్ద కాలేజీ హాస్టల్‌కైనా వెళ్లి చూడండి. బాత్‌రూముల ముందు బకెట్లతో పిల్లలు వరుసలో ఉంటారు. ప్రతి అంతస్తులో గీజర్లు పనిచేస్తుంటాయి. సరిగ్గా అదే సమయానికి, అక్కడికి రెండు వందల గజాల దూరంలో సర్వర్ రూమ్ పైకప్పు మీద ఏసీ యూనిట్లు వేడి గాలిని ఆకాశంలోకి ఊదుతుంటాయి. ఒకచోట వేడి పుట్టించడానికి కరెంటు బిల్లు కడుతున్నాం. ఇంకోచోట వేడిని వదిలించుకోవడానికి బిల్లు కడుతున్నాం. రెండు బిల్లులూ ఒకే క్యాంపస్‌వి.

ఎనర్జీ ఆడిట్ల పని మీద నేను తిరిగిన చాలా క్యాంపస్‌లలో ఇదే చూశాను. చూసిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది. ఈ రెండిటినీ ఎలా కలపాలో, అంతకన్నా ముందు ఏం సరిచేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. మీరు ఎస్టేట్ ఆఫీసులో ఇంజినీరు కావచ్చు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న విద్యార్థి కావచ్చు. పనుల్లో కొన్ని మీ చేతిలో ఉండవు, వాటిని వదిలేసినా ఫర్వాలేదు. వరుస మాత్రం మార్చకండి. ఈ పనిలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది వరుస తప్పినప్పుడే.

ముందు బిల్లులు తెచ్చుకోండి

అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి గత 12 నెలల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులు తీసుకోండి. నెల నెలా వాడిన యూనిట్లు, ఆర్‌ఎండీ, అంటే ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, రెండూ ఒక ఎక్సెల్ షీట్‌లో వేయండి. తర్వాత మెస్‌కు వచ్చిన గ్యాస్ సిలిండర్ల లెక్క, జనరేటర్లకు పోసిన డీజిల్ లెక్క.

ఏసీలూ గీజర్లూ రెండూ తక్కువగా నడిచే నెల ఒకటి మీ షీట్‌లో దొరుకుతుంది. దాన్ని అడుగు గీతగా పెట్టుకోండి. ఏప్రిల్‌లో ఆ గీత మీద ఎంత పెరిగిందో అది దాదాపుగా చల్లదనానికి పోయిన కరెంటు. డిసెంబరు, జనవరిలో పెరిగింది వేడినీళ్లది. మే నెలను నమ్మకండి, సెలవుల్లో పిల్లలు ఉండరు కాబట్టి ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు కార్బన్‌లోకి మార్చండి. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఈ లెక్కను ఏటా ప్రకటిస్తుంది, తాజా అంకె చూసి వాడండి. వంటగ్యాస్ కిలో కాలితే దాదాపు 3 కిలోలు, అంటే 19 కిలోల హోటల్ సిలిండర్‌కు 57 కిలోల దాకా. డీజిల్ లీటరుకు దాదాపు 2.7 కిలోలు.

తర్వాత ఏసీ గ్యాస్ లెక్క

చాలామంది మరిచిపోయేది ఇదే. ఏసీలో నింపే గ్యాస్ బయటికి కారితే అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. పాత ఏసీల్లో ఉండే ఆర్-22 దాదాపు 1,800 రెట్లు, ఆర్-410ఏ దాదాపు 2,090 రెట్లు, ఇప్పుడు వస్తున్న ఆర్-32 దాదాపు 675 రెట్లు. ప్రొపేన్, అంటే ఆర్-290 వాడే ఏసీల్లో ఇది చాలా కొద్ది.

ఒక ఉదాహరణ. ఆర్-410ఏ కిలో కారిపోతే 2 టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే దాదాపు 3 వేల యూనిట్ల కరెంటు కాల్చినట్టు. ‘చల్లగా రావట్లేదు సార్, గ్యాస్ నింపించాలి’ అని ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వాళ్లు అన్న ప్రతిసారీ ఈ అంకె గుర్తుకు రావాలి. గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం.

కాబట్టి ఒక రిజిస్టర్ పెట్టించండి. ఏ ఏసీలో, ఏ తేదీన, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు నింపారు, లీకు ఎక్కడ దొరికింది అన్నవి రాయాలి. ఏఎంసీ ఒప్పందంలో రెండు షరతులు చేర్చండి: లీకు మూసి ప్రెషర్ టెస్ట్ చేసిన తర్వాతే గ్యాస్ నింపాలి. పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ను గాలికి వదలకుండా సిలిండర్‌లోకి తీసుకోవాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు, అడిగేవాళ్లు లేకే జరగడం లేదు. 2016లో కుదిరిన కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది కాబట్టి ఇలాంటి గ్యాసులు ముందు ముందు తగ్గక తప్పదు. ఇప్పటి నుంచే లెక్క ఉంటే అప్పుడు కంగారు ఉండదు.

చిల్లర్ ఆరోగ్యం కొలవడం

మీ క్యాంపస్‌లో విడివిడి ఏసీలే ఉంటే ఈ భాగం దాటేయండి. సెంట్రల్ ఏసీ ఉంటే మాత్రం ఇది చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

సెంట్రల్ ఏసీకి చల్లటి నీళ్లు తయారుచేసే మెషినే చిల్లర్. అది ఒక టన్ను చల్లదనం ఇవ్వడానికి ఎన్ని కిలోవాట్లు తింటోంది అన్నదే మీకు కావలసిన అంకె. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చల్లబరిచే సామర్థ్యానికి కొలత. దానికి మూడు కొలతలు చాలు. చల్లటి నీళ్లు గంటకు ఎన్ని ఘనపు మీటర్లు తిరుగుతున్నాయి, చిల్లర్‌లోకి వచ్చే నీళ్లకూ బయటికి వెళ్లే నీళ్లకూ ఎన్ని డిగ్రీల తేడా ఉంది, మోటారు ఎంత కరెంటు లాగుతోంది. నీళ్ల ప్రవాహం కొలవడానికి పైపు కోయక్కర్లేదు. పైపు బయట అతికించే అల్ట్రాసోనిక్ మీటర్లు ఎనర్జీ ఆడిటర్ల దగ్గర ఉంటాయి.

ప్రవాహాన్ని డిగ్రీల తేడాతో గుణించి 3.024తో భాగిస్తే టన్నులు వస్తాయి. గంటకు 120 ఘనపు మీటర్లు తిరుగుతూ, తేడా 3.5 డిగ్రీలు ఉందనుకోండి. 120 × 3.5 ÷ 3.024, అంటే దాదాపు 139 టన్నులు. అప్పుడు కరెంటు 140 కిలోవాట్లు లాగుతుంటే టన్నుకు 1 కిలోవాట్ పడుతోంది. మంచి కొత్త వాటర్ కూల్డ్ చిల్లర్ అయితే 0.6 దగ్గర ఉంటుంది.

మీ అంకె 1 అని రాగానే కొత్త చిల్లర్ కొటేషన్ అడగకండి. ముందు కూలింగ్ టవర్, అంటే చిల్లర్ తీసిన వేడిని గాలిలోకి వదిలే టవర్ దగ్గరికి వెళ్లండి. మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. చిల్లర్ తన వేడిని నీళ్లకు వదిలే కండెన్సర్ గొట్టాల లోపల ఆ ఉప్పు తెల్లటి పొరలా పేరుకుంటుంది, వేడి బయటికి పోదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది. టవర్‌లో నీళ్లు పలచగా పారే ఫిల్స్ అనే పలకలు విరిగిపోయి, నీళ్లు చిమ్మే నాజిల్స్ పూడిపోయి ఉంటాయి. గొట్టాలు బ్రష్ చేయించి, నీళ్లకు సాఫ్ట్‌నర్ పెట్టించి, ఫిల్స్ మార్పించి మళ్లీ కొలవండి. సగం రోగం అక్కడే నయమైన చిల్లర్లు చూశాను.

డిగ్రీల తేడా 5 ఉండాల్సిన చోట 3 మాత్రమే ఉంటే, నీళ్లు పని చేయకుండానే తిరిగి వస్తున్నాయి. ఎక్కడో ఏహెచ్‌యూ, అంటే గాలిని చల్లబరిచి గదుల్లోకి పంపే యూనిట్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా కాయిల్ దుమ్ము పట్టింది. పంపు మాత్రం పూర్తి వేగంతో తిరుగుతోంది. అక్కడ వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని అవసరం మేరకు మార్చే పరికరం పెడితే లాభం ఎక్కువ. పంపు వేగం 80 శాతానికి తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

చిల్లర్ ప్లాంటులో లాగ్‌బుక్ కూడా చూడండి. వారం రోజులుగా ఒకే అంకెలు ఉంటే ఆపరేటర్ల మీద కోప్పడకండి. చాలాచోట్ల ఆ థర్మామీటర్లు ఏనాడో పాడైపోయి ఉంటాయి, రాసింది చదివినవాళ్లు ఎవరూ ఉండరు. కొత్త మీటర్లు పెట్టించి, రోజూ సాయంత్రం మీరే వెళ్లి ఆ అంకెల గురించి మాట్లాడండి. ప్లాంటు గుట్టు ఆ అన్నలకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

భవనంలోకి వచ్చే వేడిని ఆపండి

చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు కాకూడదంటే కొత్త మెషిన్ కొనకముందే ఈ పని జరగాలి. పై అంతస్తు గదుల్లో వేడి ఎక్కువగా దిగేది స్లాబ్ నుంచే. పైకప్పు మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ గానీ వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు అది తప్పనిసరి. కాబట్టి ప్రభుత్వ యూనివర్సిటీలో పనిచేస్తున్నవాళ్లు ఫైలు కదిలించడానికి దాన్ని చూపించవచ్చు. పెయింట్ వేశాక ఏటా వర్షాల తర్వాత ఒకసారి కడిగించాలి, దుమ్ము పడితే తెల్లదనం పోతుంది.

పడమటి గోడ రెండోది. సాయంత్రం నాలుగు గంటల ఎండ అద్దాల్లోంచి నేరుగా క్లాసులోకి పడుతుంటే లోపల కర్టెన్ వేసి పెద్దగా లాభం లేదు, వేడి అప్పటికే లోపలికి వచ్చేసింది. నీడ బయట ఉండాలి: నిలువు లూవర్లు, జాలీలు, లేదంటే వేపచెట్లు.

సీలింగ్ ఫ్యాన్లు తీసేయకండి. ఫ్యాన్ తిరుగుతుంటే 26, 27 డిగ్రీల దగ్గర కూడా హాయిగానే ఉంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర తింటుంది, పాతది 75 వాట్ల దాకా. ఏసీ సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది కూడా అందుకే.

ల్యాబుల్లో ఫ్యూమ్ హుడ్, అంటే రసాయనాల పొగను బయటికి లాగే పెట్టె అద్దం పని అయ్యాక కిందికి దించమని పిల్లలకు చెప్పండి. తెరిచి ఉంటే చల్లబరిచిన గాలి అంతా బయటికి పోతుంది. మెడికల్ కాలేజీ అయితే ఆపరేషన్ థియేటర్ల గాలిని డాక్టర్లతో, ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లతో మాట్లాడకుండా ముట్టుకోవద్దు.

వేడినీళ్లు: అసలు అవకాశం ఇక్కడే

ఒక లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. హాస్టల్‌లో 500 మంది ఉన్నారు, ఒక్కొక్కరికి 40 లీటర్లు, 20 డిగ్రీలు పెంచాలి అనుకుందాం. 20 వేల లీటర్లు × 20 × 1.163, అంటే రోజుకు 465 యూనిట్ల వేడి.

ఇప్పుడు 100 టన్నుల చిల్లర్‌ను చూడండి. అది భవనంలోంచి దాదాపు 350 కిలోవాట్ల వేడిని తీస్తుంది. తను తిన్న కరెంటు కూడా వేడిగానే మారుతుంది, దాన్నీ కలిపితే 430 కిలోవాట్ల దాకా కూలింగ్ టవర్ ద్వారా గాలిలోకి పంపేస్తుంది. అంటే ఆ చిల్లర్ గంటా పది నిమిషాలు నడిస్తే వదిలేసే వేడి 500 మంది స్నానాలకు సరిపోతుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు తప్పు చేశానేమో అని మూడుసార్లు సరిచూసుకున్నాను.

అయితే ఆ వేడి గోరువెచ్చటి వేడి. కండెన్సర్ నీళ్లు 35 డిగ్రీల దగ్గర ఉంటాయి, స్నానానికి చాలవు. దాన్ని 60 దగ్గరికి ఎత్తడానికి వాటర్ సోర్స్ హీట్ పంప్, అంటే నీళ్లలోని వేడిని లాగి ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఇచ్చే మెషిన్ కావాలి. 35 నుంచి ఎత్తడం తేలిక కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు నాలుగు యూనిట్ల దాకా వేడి రాబట్టవచ్చు. చిన్న పద్ధతి ఇంకొకటి ఉంది: కంప్రెసర్ నుంచి వచ్చే బాగా వేడి గ్యాస్ మీద, ఆ వేడిని నేరుగా నీళ్లకు ఎక్కించే డీసూపర్‌హీటర్ పెట్టడం. దాని ద్వారా మొత్తం వేడిలో కొంత భాగమే వస్తుంది, కానీ ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర వస్తుంది.

చిక్కు ఎక్కడంటే వేడినీళ్లు కావలసిన డిసెంబరులోనే ఏసీలు తక్కువగా నడుస్తాయి. అందుకే ఏడాది పొడవునా చల్లదనం కావలసిన చోట్లు వెతకండి: సర్వర్ రూమ్, జంతువుల ల్యాబ్, ఆస్పత్రి థియేటర్లు, మెస్ కోల్డ్ రూమ్. వాటి పక్కనే హాస్టల్ ఉంటే మీ అదృష్టం. కిలోమీటరు దూరంలో ఉంటే పైపు ఖర్చుకే లాభం పోతుంది, వదిలేయండి. థియేటర్లలో తేమ తగ్గించడానికి గాలిని బాగా చల్లబరిచి మళ్లీ కరెంటు హీటర్లతో వేడి చేస్తుంటారు. ఆ రీహీట్‌కు 35 డిగ్రీల నీళ్లే సరిపోతాయి. హీట్ పంప్ కూడా అక్కర్లేదు.

చిల్లరే లేని క్యాంపస్‌లో గాలి నుంచి వేడి తీసే మామూలు హీట్ పంప్ పెట్టుకోవచ్చు. మన చలికాలం దానికి బాగా అనుకూలం. యూనిట్‌కు 3 యూనిట్ల వేడి వచ్చినా 465 స్థానంలో 155 యూనిట్లతో పని అవుతుంది. మూడు నెలల్లో మిగిలేవి దాదాపు 28 వేల యూనిట్లు, కార్బన్ 20 టన్నుల దగ్గర.

గ్యాస్ బాయిలర్ తీసేసి కరెంటు గీజర్లు పెడితే మంచిది అనుకునేవాళ్లు ఉన్నారు. మన గ్రిడ్ మీద అది తప్పు. ఒక యూనిట్ వేడికి గీజర్ 0.7 కిలోలు, గ్యాస్ బాయిలర్ 0.27 దాకా, 3 రెట్లు ఇచ్చే హీట్ పంప్ 0.23. హీట్ పంప్ అంకె గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ తగ్గుతుంది, గ్యాస్ అంకె అక్కడే ఉంటుంది. సోలార్ వాటర్ హీటర్ ఇప్పటికే ఉంటే దాన్ని తీయొద్దు, గొట్టాల్లో ఉప్పు కడిగించి హీట్ పంప్‌ను దాని వెనక ఆసరాగా పెట్టండి.

ఒక జాగ్రత్త. ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగా రోజుల తరబడి నిలవ ఉంటే లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. నిలవ ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలిసేలా చేయండి.

అప్పుడు కొత్త మెషిన్

నా మొదటి పెద్ద పనిలో వరుస తప్పాను. ఒక కాలేజీలో పాత చిల్లర్ తీసి అంతే టన్నులది కొత్తది పెట్టించాం. మరుసటి ఏడాది కూల్ రూఫ్, షేడింగ్ పూర్తయ్యాయి. లోడ్, అంటే భవనానికి కావలసిన చల్లదనం, బాగా తగ్గింది. ఆ కొత్త చిల్లర్ ఏడాదిలో ఎక్కువ రోజులు మూడో వంతు లోడ్ మీద ఆగుతూ నడుస్తూ ఉండిపోయింది. వరుస సరిగ్గా ఉంటే చిన్నది సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలి కొన్నాం.

అందుకని పాత ప్లేటు మీది టన్నులు చూసి ఆర్డర్ ఇవ్వకండి. పై పనులన్నీ అయ్యాక ఒక వేసవి లోడ్ కొలిచి, దాని మీద నిర్ణయించండి. ఒక పెద్దది కన్నా రెండు చిన్నవి నయం. ఎనర్జీప్లస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, భవనం లోడ్ లెక్క వేయడం దానితో నేర్చుకోవచ్చు. పునాదులు గట్టిపడాలంటే బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు చదివే పుస్తకాలు చాలు, మూడో పేపర్‌లో ఏసీలు, పంపులు, కూలింగ్ టవర్లు అన్నీ ఉంటాయి.

ఊరిని బట్టి కూడా ఆలోచించాలి. హైదరాబాద్, అనంతపురం లాంటి పొడి వేసవిలో నీటి ఆవిరితో చల్లబరిచే ఎవాపరేటివ్ కూలర్లు వర్క్‌షాపులకు, మెస్ హాళ్లకు బాగా పనిచేస్తాయి. విశాఖ, కాకినాడల ఉక్కపోతలో అవి తేమను పెంచడం తప్ప చేసేది తక్కువ.

హైదరాబాద్ దగ్గర పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక భవనం గురించి తప్పక తెలుసుకోండి. 2011 ప్రాంతంలో కట్టిన ఆ భవనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగానికి మామూలు ఏసీ, ఇంకో సగానికి స్లాబ్‌లో చల్లటి నీటి గొట్టాలు పరిచే రేడియంట్ కూలింగ్ పెట్టారు. చల్లదనానికి పోయే కరెంటు రేడియంట్ సగంలో దాదాపు మూడో వంతు తక్కువ వచ్చింది. గొట్టాల్లోకి మరీ చల్లటి నీళ్లు అక్కర్లేదు కాబట్టి చిల్లర్ తేలిగ్గా నడుస్తుంది. కొత్త బ్లాక్ కడుతున్నవాళ్లు ప్లాన్ దశలోనే దీన్ని అడగాలి. స్లాబ్ పోశాక అడిగితే కుదరదు.

అమెరికా యూనివర్సిటీల కథలు చదివి ఉత్సాహపడేవాళ్లకు ఒక మాట. ఇండియానాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ 2009లో మొదలుపెట్టి 3,600 దాకా బోర్లు వేసి బొగ్గు బాయిలర్లను మాన్పించింది. అక్కడ చలికాలంలో నేల నుంచి వేడి తీస్తారు, వేసవిలో తిరిగి నేలకు ఇస్తారు, లెక్క సరిపోతుంది. మన నేల కొంచెం లోతుకు వెళ్తే 27, 28 డిగ్రీలు ఉంటుంది. మనం ఏడాదంతా వేడిని దింపుతూనే ఉంటే అది ఏళ్ల తరబడి వేడెక్కుతుంది, పైగా గ్రానైట్ రాయిలో అన్ని బోర్ల ఖర్చు. మనం నేర్చుకోవలసింది స్టాన్‌ఫోర్డ్ నుంచి. 2015లో వాళ్లు గ్యాస్‌తో నడిచే ప్లాంటును ఆపేసి, చాలావరకు చిల్లర్లు వదిలే వేడితోనే క్యాంపస్‌కు వేడినీళ్లు పంపడం మొదలుపెట్టారు. ఆవిరి పైపులన్నీ తీసి వేడినీటి పైపులు వేశారు. మనకు హాస్టల్ గీజర్లు ఉన్న చోట వాళ్లకు గది హీటర్లు ఉన్నాయి. సూత్రం ఒకటే.

చివరికి కరెంటు

సోలార్ పలకలు చాలామంది మొదట పెడతారు. నేను చివర పెట్టమంటాను, లోడ్ తగ్గాక ఎన్ని కావాలో అప్పుడు తెలుస్తుంది కాబట్టి. పలకలు వచ్చాక హీట్ పంప్ టైమర్‌ను మార్చండి. తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్య నీళ్లు కాచి, మంచి ఇన్సులేషన్ ఉన్న ట్యాంకులో ఉంచితే పొద్దున స్నానాల వేళకు రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గవు. హీట్ పంప్‌కు మధ్యాహ్నం గాలి వేడిగా దొరకడం ఇంకో లాభం.

ఏడాది గడిచాక మొదటి ఎక్సెల్ షీట్ మళ్లీ తెరవండి. పాత ఏప్రిల్ పక్కన కొత్త ఏప్రిల్ అంకె రాయండి. ఆ నెల రెండేళ్లలోనూ ఎండలు ఎలా ఉన్నాయి, హాస్టల్‌లో ఎంతమంది ఉన్నారు అన్నవి పక్క గడుల్లో వేయండి, లేకపోతే చల్లటి వేసవిని మీ గొప్పగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. ఆ షీట్ ప్రింటు తీసి చిల్లర్ ప్లాంటు గోడకు, హాస్టల్ నోటీసు బోర్డుకు అతికించండి. తర్వాతి ఏడాది అంకెలు నింపడానికి ఒక ఆపరేటర్‌కూ, ఒక సెకండియర్ విద్యార్థికీ కలిపి బాధ్యత ఇవ్వండి.